కంపెనీ లోపలి ఖాళీలు, ఉద్యోగుల బదిలీలు: విధానం ఎలా రాసుకోవాలి, ఎలా నడపాలి

ఒకే కంపెనీలో ఉద్యోగి ఒక పని నుంచి మరో పనికి మారడానికి రెండు దారులున్నాయి. ఫలానా విభాగంలో ఖాళీ ఉందని కంపెనీ లోపల ప్రకటన వెలువడితే ఉద్యోగి తనంతట తాను దరఖాస్తు చేసి, పరీక్షకో ఇంటర్వ్యూకో హాజరై, ఎంపికై వెళ్లడం మొదటిది. హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో దీన్ని ఐజేపీ (ఇంటర్నల్ జాబ్ పోస్టింగ్) అంటారు. పని అవసరాన్ని బట్టి యాజమాన్యమే ఉత్తర్వు ఇచ్చి పంపడం రెండోది. మొదటి దానిలో అడిగేది ఉద్యోగి, రెండో దానిలో అడిగేది కంపెనీ. ఖర్చు ఎవరు భరించాలి, కాదనే హక్కు ఎవరికి ఉంది, ఏ కాగితం మీద ఎవరి సంతకం ఉండాలి అన్నవన్నీ ఈ తేడాను బట్టే తేలతాయి. కనుక విధానపత్రంలో ఈ రెండింటికీ వేర్వేరు అధ్యాయాలు ఉండాలి. చాలా చోట్ల రెండూ కలిపి రెండు పేజీల్లో ముగించేస్తారు. తగాదాలు అక్కడే మొదలవుతాయి.

ఈ రెండు దారులనూ కావాలని కలిపేసే ఎత్తు ఒకటుంది. పాశమైలారంలో ఒక ఉత్పత్తి లైను మూసివేసి అక్కడి వారిని జడ్చర్ల యూనిట్‌కు పంపాలని యాజమాన్యం నిర్ణయించుకుందనుకుందాం. బదిలీ ఉత్తర్వులు ఇస్తే ప్రయాణపు ఖర్చు, సామాను రవాణా ఖర్చు చెల్లించవలసి వస్తుంది కాబట్టి, జడ్చర్లలో ఖాళీలున్నట్టు ప్రకటించి, ఇష్టమున్నవారు దరఖాస్తు చేసుకోవచ్చని చెబుతారు. దరఖాస్తు పెట్టినవారు సొంత కోరిక మీద వెళ్లినట్టు లెక్క. పెట్టనివారికి పాశమైలారంలో పని ఉండదు. కాగితం మీద ఇది ఐజేపీలా కనిపించినా, వివాదం వచ్చినప్పుడు అధికారులు చూసేది కాగితం పేరును కాదు, జరిగిన పనిని. కంపెనీ అవసరం మీద జరిగే ప్రతి మార్పూ బదిలీయేనని విధానంలో మొదటి వాక్యంగా రాసుకుంటే ఈ ఎత్తుకు చోటుండదు.

ఇక్కడ చెప్పేదంతా సుమారు మూడు వందల నుంచి రెండు వేల మంది ఉద్యోగులున్న ప్రైవేటు కంపెనీలో హెచ్‌ఆర్ పని చూసేవారి కోసం. ప్రభుత్వ శాఖల బదిలీలు, బ్యాంకుల్లో నిర్ణీత కాలానికి జరిగే మార్పిళ్లు వేరే నియమాల కింద నడుస్తాయి, వాటి జోలికి వెళ్లడం లేదు.

ప్రకటనకు ముందు

ఖాళీ నిజమైనదేనా అన్నది మొదటి ప్రశ్న. ఆ పోస్టుకు ఆర్థిక విభాగం అనుమతి ఉందా, జీతం ఏ గ్రేడులో ఉంటుంది, ఎవరికి రిపోర్టు చేయాలి అన్నవి రాతపూర్వకంగా తేలిన తర్వాతే ప్రకటన వేయాలి. విభాగాధిపతి మనసులో ఒక పేరు ముందే ఖాయమై ఉంటే, నియమం కోసం ప్రకటన వేసి పది మందిని ఇంటర్వ్యూకు పిలిపించడం కంటే, ఆ వ్యక్తిని నేరుగా నియమిస్తున్నట్టు కారణంతో సహా చెప్పేయడమే మర్యాద. కంటితుడుపు ప్రకటనను ఉద్యోగులు ఇట్టే పసిగడతారు. ఒకసారి పసిగట్టాక, తర్వాత నిజంగా తెరిచిన ఖాళీకి కూడా మంచి అభ్యర్థులు ముందుకు రారు. అందువల్ల ఏ పోస్టులు ప్రకటన లేకుండా భర్తీ అవుతాయో, ఉదాహరణకు విభాగాధిపతి స్థాయి, పై స్థానాల్లోకి తర్వాత ఎవరు రావాలో చెప్పే వారసత్వ ప్రణాళికలో ముందే గుర్తించిన స్థానాలు, విధానంలోనే చెప్పి, మిగిలినవన్నీ తప్పకుండా ప్రకటిస్తామని హామీ ఇవ్వడం మంచిది.

ప్రకటనను ముందు లోపలి వారికే పరిమితం చేసి, ఏడు పనిదినాల తర్వాత బయటకు విడుదల చేయడం ఆచరణలో సరిపోయే పద్ధతి. రెండూ ఒకేసారి వేస్తే లోపలి వారి దరఖాస్తు బయటి రెజ్యూమేల గుట్టలో కలిసిపోతుంది. పైగా స్నేహితులను సిఫారసు చేసినవారికి ఇచ్చే రెఫరల్ సొమ్ము మీద ఆశతో, పక్క సీటులోని సహోద్యోగికి ఖాళీ సంగతి చెప్పని పరిస్థితి కూడా వస్తుంది.

ప్రకటనలో ఏముండాలో ఒక నమూనా చూద్దాం: "నాణ్యతా హామీ విభాగంలో ఎగ్జిక్యూటివ్ పోస్టు ఒకటి ఖాళీగా ఉంది. పనిచేసే చోటు పరవాడ యూనిట్. జనరల్ షిఫ్టు, నెలలో ఒక వారం రెండో షిఫ్టు ఉంటుంది. గ్రేడు, జీతపు పరిధి కింద ఇవ్వబడ్డాయి. ప్రస్తుత స్థానంలో పన్నెండు నెలలు పూర్తి చేసిన శాశ్వత ఉద్యోగులందరూ అర్హులు. ఎంపిక రాతపరీక్ష, ఇంటర్వ్యూల ద్వారా జరుగుతుంది. ఎంపికైనవారిని ఎంపిక పత్రం తేదీ నుంచి ముప్పై రోజుల్లోగా ప్రస్తుత విభాగం రిలీవ్ చేస్తుంది. ఇది ఉద్యోగి కోరిక మీద జరిగే మార్పు కనుక బదిలీ భత్యం వర్తించదు." చివరి రెండు వాక్యాలను చాలా ప్రకటనల్లో వదిలేస్తారు. ఇంటర్వ్యూలన్నీ అయ్యాక అభ్యర్థి "సామాను ఖర్చులు ఇస్తారా" అని అడిగితే, అప్పుడు హెచ్‌ఆర్ తడబడవలసి వస్తుంది. జీతపు పరిధి వెల్లడించడానికి కొందరు యజమానులు ఇష్టపడరు. కనీసం గ్రేడు పేరైనా ఉండాలి, లేకపోతే తాను దరఖాస్తు చేస్తున్నది పై పోస్టుకో సమాన పోస్టుకో ఉద్యోగికి తెలియదు.

ప్రకటన ఎక్కడ కనిపిస్తుందన్నది కూడా ముఖ్యమే. ఈమెయిల్, ఇంట్రానెట్ ఆఫీసులో కూర్చునేవారికి చేరతాయి. మూడు షిఫ్టుల్లో యంత్రాల దగ్గర నిలబడే ఆపరేటర్లకు చేరవు. ఫ్యాక్టరీ ఉన్న కంపెనీలో క్యాంటీన్ దగ్గరి నోటీసు బోర్డు మీద తెలుగులో ప్రకటన ఉండాలి, షిఫ్టు మారే వేళ సూపర్‌వైజరు చదివి వినిపించాలి. ప్రసూతి సెలవులోనో, దీర్ఘకాలిక వైద్య సెలవులోనో ఉన్నవారికి కంపెనీ మెయిల్ తెరిచే అవకాశం ఉండకపోవచ్చు, వారి సొంత ఫోనుకో మెయిలుకో పంపాలి. కాంట్రాక్టు సంస్థ ద్వారా వచ్చిన కార్మికులు కంపెనీ ఉద్యోగులు కారు కనుక వారిని బయటి అభ్యర్థులుగానే పరిగణించాలన్నది సాధారణ పద్ధతి. అయినా లోపలి గడువు ముగిసిన వెంటనే వారికి కూడా ప్రకటన చేరేలా చూడడంలో కంపెనీకి లాభమే ఉంది, వారికి ఆ పని ఇప్పటికే తెలుసు.

ఎవరు అర్హులు

ప్రస్తుత స్థానంలో పన్నెండు నెలలు, కొన్ని కంపెనీల్లో పద్దెనిమిది నెలలు, పూర్తి చేసి ఉండాలన్న షరతు ఎక్కువగా కనిపిస్తుంది. మనిషికి శిక్షణ ఇచ్చిన విభాగానికి ఆ శిక్షణ ఫలితం కొంతైనా దక్కాలన్నది దాని వెనుక ఉన్న న్యాయం. ప్రొబేషన్‌లో ఉన్నవారిని మినహాయించడం కూడా ఆ కారణంగానే. అయితే జీవిత భాగస్వామి వేరే ఊరికి మారడం, వైద్య కారణాలు, భద్రతకు సంబంధించిన ఇబ్బంది ఉన్నప్పుడు ఈ గడువును సడలించే అధికారం ఒక నిర్దిష్ట అధికారికి ఇచ్చి, సడలించిన ప్రతిసారీ కారణం నమోదు చేయాలి.

గత అప్రైజల్‌లో ఇంత రేటింగ్ ఉంటేనే దరఖాస్తు చేయాలన్న షరతు మీద నాకు భిన్నాభిప్రాయం ఉంది. తనకు సరిపడని పనిలో, లేదా తనతో పొసగని మేనేజరు కింద ఉన్నవారికే మార్పు అవసరం ఎక్కువ. రేటింగ్ తక్కువగా ఉండేది కూడా వారికే. తలుపు దగ్గరే రేటింగ్ అడిగితే, మేనేజరు ఇచ్చిన అంకెతో ఉద్యోగిని ఆ మేనేజరు దగ్గరే కట్టేసినట్టవుతుంది. రేటింగ్‌ను ఎంపిక సంఘం ముందు ఒక సమాచారంగా పెట్టాలి, అర్హతగా పెట్టకూడదు. క్రమశిక్షణ విచారణ నడుస్తున్న వారిని ఆ విచారణ ముగిసేవరకు ఆపవచ్చు. అభియోగపత్రం జారీ కాకుండా కేవలం ఎవరో ఫిర్యాదు చేశారన్న కారణంతో మాత్రం ఆపకూడదు.

మేనేజరుకు ఎప్పుడు చెప్పాలి, ఎప్పుడు వదలాలి

అంతర్గత ఖాళీల విధానం నిలబడేది, పడిపోయేది ఇక్కడే. దరఖాస్తు చేయడానికి మేనేజరు ముందస్తు అనుమతి కావాలని రాస్తే సగం మంది దరఖాస్తు చేయరు. అనుమతి దొరకకపోతే కొత్త పోస్టు రాదు. వెళ్లిపోవాలనుకున్నాడన్న ముద్ర మాత్రం పడుతుంది, తర్వాతి అప్రైజల్‌లో దాని ఫలితం కనిపిస్తుంది. అలాగని ఎంపిక పత్రం చేతికి వచ్చేదాకా మేనేజరుకు తెలియకుండా ఉంచితే, పని మధ్యలో మనిషిని లాక్కున్నట్టు అతను భావిస్తాడు, అతని కోపంలోనూ అర్థముంది. మధ్యే మార్గం ఇది: దరఖాస్తు హెచ్‌ఆర్ దగ్గర గోప్యంగా ఉంటుంది, ప్రాథమిక వడపోతలో పేరు నిలిచిన తర్వాత, ఇంటర్వ్యూకు ముందు, మేనేజరుకు హెచ్‌ఆరే స్వయంగా తెలియజేస్తుంది. ఆ మాట చెప్పే బరువును ఉద్యోగి మీద వేయకూడదు. వడపోతలో ఆగిపోయినవారి సంగతి మేనేజరుకు ఎప్పటికీ తెలియనవసరం లేదు.

ఈ దశలో మేనేజరుకు ఉండవలసిన అధికారం ఎంత? ఆపే అధికారం ఉండకూడదు. ఎప్పుడు రిలీవ్ చేయాలన్న విషయంలో మాట్లాడే అధికారం ఉండాలి. మామూలు పోస్టుకు ఎంపిక పత్రం తేదీ నుంచి ముప్పై రోజులు, ప్రత్యామ్నాయం దొరకడం కష్టమైన పోస్టుకు అరవై రోజులు అని రాసి, అంతకు మించి ఆపాలంటే విభాగాధిపతి తన పై అధికారికి కారణం రాసి అనుమతి తెచ్చుకోవాలని నియమం పెట్టవచ్చు. గడువు దాటిన రోజు నుంచి ఆ ఉద్యోగి జీతపు ఖర్చు ఏ విభాగపు ఖర్చుల ఖాతా (కాస్ట్ సెంటర్) కింద పడుతుంది, కొత్త జీతం ఏ తేదీ నుంచి అమలవుతుంది అన్నవి కూడా రాయాలి. రిలీవ్ చేయడం ఆలస్యమైనా పెరిగిన జీతం మాత్రం ముప్పై ఒకటో రోజు నుంచే అమలవుతుందని రాసిన చోట ఆలస్యాలు వాటంతట అవే తగ్గుతాయి.

అయితే గడువులు ఎన్ని పెట్టినా మేనేజర్లు ఎందుకు అడ్డుపడతారో గ్రహించకపోతే విధానం కాగితం మీదే ఉండిపోతుంది. మనిషి వెళ్లిపోతే ఆ సీటు కూడా పోతుందేమోనన్నదే మేనేజరు అసలు భయం. కొత్త మనిషిని తీసుకోవడానికి మళ్లీ అనుమతి అడగాలి, ఆర్థిక విభాగం ఈ త్రైమాసికంలో కాదంటుంది, ఈలోగా పని ఆగదు, ఇచ్చిన లక్ష్యమూ తగ్గదు. ఇలాంటి పరిస్థితిలో మంచి మేనేజరు కూడా తన మనిషిని దాచుకుంటాడు. దీనికి మందు ఉపన్యాసాలు కావు. ఐజేపీ ద్వారా ఉద్యోగి వెళ్లిన సీటును తిరిగి నింపుకోవడానికి వేరే అనుమతి అక్కరలేదని, ఎంపిక పత్రమే ఆ అనుమతిగా పనిచేస్తుందని విధానంలో రాసి ఆర్థిక విభాగం చేత సంతకం పెట్టించడమే మందు. నేను చూసినంతలో ఈ ఒక్క వాక్యం చేసినంత మేలు మిగతా పేజీలన్నీ కలిసి చేయవు.

ఐటీ సేవల కంపెనీల్లో మరో చిక్కు ఉంటుంది. ఖాతాదారుతో చేసుకున్న ఒప్పందంలో కొందరు ఉద్యోగులను ముఖ్య వ్యక్తులుగా పేర్కొని, వారిని మార్చాలంటే ముందుగా నోటీసు ఇవ్వాలని రాసి ఉండవచ్చు. అలాంటివారి జాబితా హెచ్‌ఆర్ దగ్గర ముందే ఉండాలి, తాము ఆ జాబితాలో ఉన్నామని ఆ ఉద్యోగులకు కూడా తెలిసి ఉండాలి. ఎంపికైన తర్వాత ఖాతాదారు ఒప్పుకోవడం లేదని చెబితే, ఆ మాట నిజమే అయినా ఎవరూ నమ్మరు.

ఎంపిక, జీతం

ఇంటర్వ్యూ సంఘంలో ఇద్దరు ముగ్గురు ఉండి, అందరు అభ్యర్థులనూ ఒకే వరుస ప్రశ్నలు అడిగి, తమలో తాము మాట్లాడుకోకముందే ఎవరి మార్కులు వారు రాసుకోవాలి. లోపలి ఎంపికల్లో అందరూ అందరికీ తెలిసినవారే కనుక, బయటి నియామకాల కంటే ఈ జాగ్రత్త ఇక్కడే ఎక్కువ అవసరం. ప్రస్తుత మేనేజరు అభిప్రాయం అడిగితే, హాజరు, చేసిన పనులు, పొందిన శిక్షణ వంటి వాస్తవాలకు పరిమితం చేయాలి.

ఎంపిక కానివారి విషయంలో బయటి అభ్యర్థికీ లోపలి అభ్యర్థికీ పెద్ద తేడా ఉంది. బయటివారికి ఒక మెయిల్ పంపితే సరిపోతుంది. లోపలివారు మర్నాడు అదే సీటులో, అదే మేనేజరు ఎదురుగా కూర్చోవాలి. కనుక ఫలితం తేలిన వారంలోగా సంఘంలో ఒకరు వారిని పిలిచి, ఏ అంశంలో తగ్గారో, ఏం నేర్చుకుంటే వచ్చేసారి అవకాశం ఉంటుందో ముఖాముఖిగా చెప్పాలి. ఎంపికైనవారి పేరు కంపెనీ అంతటా వెలువడే ముందే ఈ మాట జరగాలి.

జీతం సంగతి సూటిగా చెప్పుకోవాలి. సమాన గ్రేడులోకి మారితే జీతం మారదు. పై గ్రేడులోకి వెళితే కొత్త గ్రేడు కనీస జీతానికి తగ్గకూడదు. ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం ఉండదు. కానీ చాలా కంపెనీలు లోపలివారికి పెంపు ఇంత శాతం మించకూడదని పరిమితి పెట్టుకొని, అదే పోస్టుకు బయటి నుంచి వచ్చేవారికి మార్కెట్ రేటు ఇస్తాయి. మాదాపూర్‌లో ఈ లెక్క తెలియని ఉద్యోగి ఉండడు. లోపల దరఖాస్తు చేయడం మానేసి, రాజీనామా చేసి, ఏడాది తర్వాత అదే కంపెనీకి ఎక్కువ జీతంతో తిరిగి వచ్చేవారు అందుకే కనిపిస్తారు. పరిమితి పూర్తిగా ఎత్తేయలేకపోతే, బయటివారికి ఇవ్వజూపే జీతంలో కనీసం ఇంత శాతం లోపలివారికి దక్కాలని మరో వైపు నుంచి ఒక అడుగు గీత గీయవచ్చు.

ఏడాది మధ్యలో మారినవారి అప్రైజల్ విషయం మరిచిపోకూడదు. పాత మేనేజరు రిలీవ్ చేసేటప్పుడే తన దగ్గర గడిపిన నెలలకు రేటింగ్ రాసి ఇవ్వాలి. మార్చిలో అడిగితే ఆయనకు గుర్తుండదు, కొత్త మేనేజరుకు తెలియదు, ఉద్యోగికి సగటు మార్కు పడుతుంది. కొత్త స్థానంలో మళ్లీ ప్రొబేషన్ పెట్టడం తగదు. మూడు నెలలు పరిశీలన కాలంగా పెట్టుకొని, పని సరిపడకపోతే పాత స్థానానికి గానీ సమానమైన మరో స్థానానికి గానీ తిరిగి రావచ్చన్న హామీ ఇవ్వవచ్చు.

కంపెనీయే పంపినప్పుడు

బదిలీ చేసే అధికారం కంపెనీకి ఎక్కడి నుంచి వస్తుంది? నియామక పత్రం నుంచి, స్థాయీ ఉత్తర్వుల (స్టాండింగ్ ఆర్డర్స్, అంటే కార్మికుల పని షరతులను రాసిపెట్టిన నియమావళి) నుంచి. ఈ రెండింటిలోనూ లేని అధికారాన్ని ఊహించుకోవడం ఎంత ప్రమాదమో కుందన్ షుగర్ మిల్స్ కేసులో 1960లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చెబుతుంది. అమ్రోహాలో చక్కెర మిల్లు నడుపుతున్న భాగస్వాములు తర్వాత బులంద్‌షహర్‌లో మరో మిల్లు కొని, పాత మిల్లు కార్మికులను అక్కడికి వెళ్లమన్నారు, వెళ్లనందుకు తొలగించారు. కార్మికులు చేరినప్పుడు యజమానులకు ఉన్నది ఒక్క మిల్లే, బదిలీ చేస్తామన్న షరతు ఎక్కడా లేదు, అలాంటి షరతు దానంతట అది ఉన్నట్టు భావించడానికి వీల్లేదని న్యాయస్థానం తేల్చింది. నియామక పత్రంలో "భారతదేశంలో ఎక్కడికైనా" అన్న వాక్యాన్ని కంపెనీలు తప్పకుండా చేర్చడం వెనుక ఉన్న కారణం ఇదే. మీ కంపెనీలో పాతికేళ్ల కిందట చేరినవారి పత్రాల్లో ఆ వాక్యం ఉందో లేదో ఉత్తర్వు టైపు చేయకముందే తీసి చూడండి.

2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చి, 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం, 1946 నాటి స్థాయీ ఉత్తర్వుల చట్టాల స్థానాన్ని తీసుకుంది. స్థాయీ ఉత్తర్వులు తప్పనిసరి కావడానికి పాత చట్టంలో వంద మంది కార్మికులు ఉంటే చాలు. కోడ్ ఆ పరిమితిని మూడు వందలకు పెంచింది. యాజమాన్య విధానం పేరు చెప్పి దురుద్దేశంతో కార్మికుణ్ణి ఒకచోటి నుంచి మరోచోటికి బదిలీ చేయడం పాత చట్టంలోనూ అనుచిత కార్మిక ఆచరణే, కోడ్‌లోనూ అంతే. మేనేజర్లు, నెలకు 18,000 రూపాయలకు మించి వేతనం పొందే పర్యవేక్షకులు ఈ కోడ్ చెప్పే కార్మికుల నిర్వచనంలోకి రారు. వారి విషయంలో నియామక పత్రమే ఆధారం. ఉత్తర్వులు ఇచ్చే ముందు మీ రాష్ట్రపు తాజా నిబంధనలు చదవడం తప్పనిసరి.

బదిలీ నియమం ఎలా రాయాలో తెలియకపోతే, కేంద్ర పరిధిలోని సంస్థల కోసం పాత చట్టం కింద చేసిన నమూనా స్థాయీ ఉత్తర్వులను చూడవచ్చు. జీతం, గ్రేడు, సర్వీసు కొనసాగింపు దెబ్బతినకూడదు; కొత్త పని కార్మికుడు చేయగలిగినదై ఉండాలి; రాష్ట్రం దాటి పంపాలంటే అతని సమ్మతి గానీ నియామక పత్రంలో స్పష్టమైన షరతు గానీ ఉండాలి; తగినంత ముందుగా నోటీసు, చేరడానికి తగిన వ్యవధి ఇవ్వాలి; ప్రయాణపు, రవాణా ఖర్చులతో పాటు చిల్లర ఖర్చులకు వాటి మీద 50 శాతం అదనంగా చెల్లించాలి. ఎన్నో ఏళ్ల అనుభవం మీద నిలబడిన ఈ నియమాన్ని ప్రైవేటు కంపెనీ యథాతథంగా తీసుకున్నా నష్టపోదు.

ఉత్తర్వులో కారణం రాయాలా అని చాలామంది సందేహిస్తారు. "పరిపాలనా కారణాల వల్ల" అన్న మాట కంటే, "నాయుడుపేట యూనిట్‌లో కొత్త బ్లాకు ప్రారంభమవుతున్నందున, అక్కడ అనుభవజ్ఞులైన ఆపరేటర్ల అవసరం ఉన్నందున" అన్న మాట కంపెనీకే ఎక్కువ రక్షణ. యూనియన్‌లో చురుకుగా ఉన్న వ్యక్తిని, లేదా నిన్ననే ఫిర్యాదు చేసిన వ్యక్తిని కారణం చెప్పకుండా దూరపు యూనిట్‌కు పంపితే, ఉద్దేశం ఏదైనా అది శిక్షగానే కనిపిస్తుంది. లైంగిక వేధింపుల ఫిర్యాదు మీద విచారణ జరుగుతున్నప్పుడు, బాధితురాలు రాతపూర్వకంగా కోరితే, ఆమెను గానీ ప్రతివాదిని గానీ వేరే చోటికి బదిలీ చేయమని అంతర్గత కమిటీ సిఫారసు చేయవచ్చని 2013 చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. ఆమె కోరకుండానే ఆమెను కదిలించే అధికారాన్ని మాత్రం ఈ సెక్షన్ ఎవరికీ ఇవ్వలేదు. దివ్యాంగుల హక్కుల నిబంధనల ప్రకారం 20 మంది గానీ అంతకు మించి గానీ ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థ ప్రకటించే సమాన అవకాశాల విధానంలో బదిలీలు, పోస్టింగుల్లో దివ్యాంగులకు ఇచ్చే ప్రాధాన్యం గురించి కూడా ఉండాలి. మీ బదిలీ అధ్యాయంలో ఆ మాట లేకపోతే చేర్చండి.

కాలం కూడా చూసుకోవాలి. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు. ఫిబ్రవరిలో ఉత్తర్వు ఇచ్చి మే నెలాఖరుకు చేరమంటే వెళ్లే కుటుంబం, ఆగస్టులో ఇచ్చి పదిహేను రోజుల్లో చేరమంటే రాజీనామా రాస్తుంది. నడి సంవత్సరంలో తప్పనిసరైతే, ఉద్యోగి ముందుగా వెళ్లి కుటుంబం వేసవిలో వచ్చేలా ఆ నెలలకు వసతి ఖర్చు కంపెనీ భరించడం న్యాయం.

ఉద్యోగి వెళ్లనంటే ముందు వినాలి. ముసలి తల్లిదండ్రుల వైద్యమా, భార్య ఉద్యోగమా, కొత్త పని మీద భయమా అన్నది తెలిస్తే, సగం సందర్భాల్లో తేదీ మార్చడమో, మరొకరిని పంపడమో కుదురుతుంది. విన్న తర్వాత కూడా బదిలీ తప్పదనుకుంటే, అభ్యంతరాన్ని ఎందుకు అంగీకరించలేదో రాసి ఇవ్వాలి. ఆ తర్వాతా చేరకపోతే ఉద్యోగం వదులుకున్నట్టు భావించి పేరు కొట్టేయడం తేలికగా కనిపిస్తుంది. కానీ గైర్హాజరైన కార్మికుణ్ణి విచారణ లేకుండా, అతని మాట వినకుండా స్థాయీ ఉత్తర్వుల పేరుతో తొలగించడం సహజ న్యాయానికి విరుద్ధమని 1993లో డి.కె.యాదవ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అప్పగింత, కాగితాలు

ఒకే కంపెనీలో మారినా కాగితాల పని తక్కువేమీ కాదు. ప్రావిడెంట్ ఫండ్‌కు రెండు యూనిట్లూ ఒకే పీఎఫ్ కోడ్ నంబరు కింద ఉంటే చేయవలసింది ఏమీ లేదు. వేర్వేరు కోడ్ నంబర్లు ఉన్నా, ఒక యూనిట్‌కు సొంత పీఎఫ్ ట్రస్టు ఉన్నా, యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ సభ్యత్వ సంఖ్య) అదే కొనసాగినప్పటికీ ఖాతాలోని సొమ్మును మార్పించుకోవాలి. ఆపరేటరు సూపర్‌వైజరై వేతనం 21,000 దాటితే ఈఎస్‌ఐ వెంటనే ఆగదు. అప్పటి కంట్రిబ్యూషన్ కాలం ముగిసేదాకా, అంటే సెప్టెంబరు 30 వరకో మార్చి 31 వరకో, కోత కొనసాగుతుంది. ఈ సంగతి ముందే చెప్పకపోతే మొదటి నెల జీతపు చీటీ చూసి ఉద్యోగి గొడవపడతాడు. వృత్తి పన్ను తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ 20,000 దాటిన జీతానికి నెలకు 200 రూపాయలు కనుక విశాఖ నుంచి హైదరాబాద్‌కు మారితే కోతలో తేడా ఉండదు, చెల్లించే రాష్ట్రం మారుతుంది. గురుగ్రామ్‌కో నోయిడాకో వెళితే ఆ పన్నే ఉండదు.

ఔషధ పరిశ్రమలో మరింత జాగ్రత్త కావాలి. నాణ్యతా పరీక్షల ల్యాబ్‌లో అనలిస్టు వేరే యూనిట్‌కు వెళితే, అక్కడి పద్ధతుల మీద శిక్షణ పూర్తయి అర్హత నమోదయ్యేవరకు నమూనాలు పరీక్షించకూడదు. పాత యూనిట్‌లోని పరికరాల లాగిన్‌లు రిలీవ్ అయిన రోజే మూసేయాలి. ల్యాబ్ నుంచి నాణ్యతా హామీ విభాగానికి వెళ్లినవారు తాము స్వయంగా చేసిన పరీక్షల రికార్డులను తామే సమీక్షించకుండా చూడాలి. తయారీ లైసెన్సులో సాంకేతిక నిపుణుడిగా పేరున్న వ్యక్తినో, ఫ్యాక్టరీ మేనేజరుగా నమోదైన వ్యక్తినో కదిలిస్తే సంబంధిత అధికారులకు తెలియజేయాలి. హెచ్‌ఆర్ ఒక్కటే కూర్చొని ఇలాంటివారి బదిలీ ఉత్తర్వు జారీ చేస్తే, ఆ సంగతి తనిఖీ రోజున బయటపడుతుంది.

గ్రూపులోని మరో కంపెనీకి పంపడం అసలు బదిలీ కాదు, యజమాని మారడం. యజమానులు ఒకే కుటుంబమైనా, లోగో ఒకటే అయినా, చట్టం దృష్టిలో రెండు కంపెనీలు ఇద్దరు వేర్వేరు వ్యక్తులు. ఉద్యోగి సమ్మతి లేనిదే ఇది జరగదు. పాత కంపెనీ, కొత్త కంపెనీ, ఉద్యోగి ముగ్గురూ సంతకం చేసే ఒకే పత్రంలో, పాత సర్వీసు గ్రాట్యుటీకీ సెలవులకూ లెక్కలోకి వస్తుందని స్పష్టంగా రాయాలి. అది రాయకుండా ఫైనల్ సెటిల్‌మెంట్ చేసి పంపితే, నాలుగేళ్లు పనిచేసినవారి గ్రాట్యుటీ లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది.

అమెరికా కార్యాలయాలకు వెళ్లే తెలుగు ఉద్యోగులు ఎక్కువ కనుక ఒక మాట. ఎల్-1 వీసా కంపెనీ లోపలి బదిలీల కోసమే ఉన్నది. గత మూడేళ్లలో కనీసం ఒక ఏడాది నిరంతరాయంగా అమెరికా బయటి అనుబంధ సంస్థలో పనిచేసి ఉండాలి. హెచ్-1బీ మీద అక్కడ ఉన్నవారిని ఒక నగరం నుంచి దూరపు మరో నగరానికి మార్చాలంటే ముందు సవరణ దరఖాస్తు దాఖలు చేయాలి. డల్లాస్‌లోని మేనేజరు మాట మీద ఉద్యోగి సియాటిల్‌కు ఇల్లు మార్చేశాక హెచ్‌ఆర్‌కు తెలిస్తే, ఇబ్బంది పడేది ఉద్యోగి వీసాయే.

ఉద్యోగి పక్షాన కూడా కొన్ని ప్రశ్నలున్నాయి. ఇంటర్వ్యూకు వెళ్లే ముందు హెచ్‌ఆర్‌ను అడిగి తెలుసుకోవలసినవి: ఈ సీటు ఎందుకు ఖాళీ అయింది, ఇంతకుముందు ఉన్నవారు ఎక్కడికి వెళ్లారు, ఈ ఏడాది బోనస్ ఏ విభాగం ఫలితాల మీద లెక్కిస్తారు, నా పాత సీటు ఎన్నాళ్లు నాకోసం ఉంటుంది. జవాబులు మెయిల్‌లో తీసుకోవాలి.

చివరగా హెచ్‌ఆర్ ఒక పుస్తకం నిర్వహించాలి. ఏడాదిలో ప్రకటించిన ఖాళీలెన్ని, వాటిలో లోపలివారితో నిండినవెన్ని, గడువు దాటి రిలీవ్ చేసిన సందర్భాలెన్ని, వాటికి రాసిన కారణాలేమిటి, బదిలీ ఉత్తర్వు అందిన ఆరు నెలల్లో రాజీనామా చేసినవారెందరు అన్నవి విభాగాలవారీగా అందులో ఉండాలి. వందమంది ఉన్న ఒక విభాగం నుంచి రెండేళ్లుగా ఒక్క దరఖాస్తు కూడా రాలేదంటే, అక్కడ అందరూ సంతోషంగా ఉన్నారని అనుకోకుండా, ఆ విభాగపు షిఫ్టు సూపర్‌వైజర్లతో ఒకసారి విడిగా మాట్లాడి, ప్రకటనలు అసలు అక్కడివారికి చేరుతున్నాయో లేదో తెలుసుకోవాలి.